బుట్ట అయిందని అరవని రోజు

పోయిన నెల కొండపల్లి వెళ్ళాను. నాతో ఇరవై రెండేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చుని, నా టిఫిన్ బాక్సులో గోంగూర పచ్చడి మొత్తం తనే తినేసిన సుగుణ టీచరుగారి అబ్బాయిని చూడటానికి. ముప్పై రెండేళ్ళవాడు. మూడేళ్ళ కిందట మోటార్ సైకిల్ మీద నుంచి పడి వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. నేను గుండె దిటవు చేసుకుని, ఏం మాట్లాడాలో బస్సులోనే రెండుసార్లు అనుకుని వెళ్ళాను. తీరా వెళ్తే అతను చక్రాల కుర్చీలో బల్ల ముందు కూర్చుని చెక్క ఏనుగుకి పసుపు రంగు వేస్తున్నాడు. "రండాంటీ, ఈ చెవి ఆరేదాకా మీతో కబుర్లే" అన్నాడు. కాఫీ తాగుతూ మా స్కూలు సంగతులు చెప్పుకుంటుంటే మధ్యలో "ఒక్క నిమిషం ఆంటీ" అని కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి ఒళ్ళంతా పైకి లేపాడు. కాసేపు అలాగే ఉండి, లోపల్లోపల ఏదో లెక్కపెట్టుకుని, మెల్లిగా దిగాడు. ఏమన్నా కావాలేమోనని నేను లేవబోయాను. "కూర్చోండి, ఏం లేదు. కిందున్న చర్మానికి కాస్త ఊపిరి. పావుగంటకోసారి లేవకపోతే పుండు పడిపోద్ది" అన్నాడు, మంచినీళ్ళు తాగొస్తానన్నంత మామూలుగా. రోజూ పొద్దున్నే ఫోన్ వెనక్కి పెట్టి నడుం కిందంతా ఫొటో తీసుకుని, ఎక్కడన్నా ఎర్రబడిందేమో తనే చూసుకుంటాడట. "ఆ ఫోన్లో మా పెళ్ళి ఫొటోల కన్నా అవే ఎక్కువండీ" అంది వాళ్ళావిడ. ముగ్గురం నవ్వాం.

బస్సెక్కాక నాకు కోపం వచ్చింది. కోపం నాకేం కొత్త కాదు, నా దగ్గర చదువుకున్న పిల్లల్ని ఎవర్నడిగినా చెబుతారు. కానీ ఈ కోపం ఆ అబ్బాయి మీద కాదు. మా నాన్న మీద, మా అమ్మ మీద, పదిహేడేళ్ళ నా మీద. మా ఇంట్లో కూడా ఒక మనిషి ఇలాగే నడుము విరిగి మంచంలో పడ్డాడు. అందరం ఆయన్ని ప్రాణంలా చూసుకున్నాం. అలా చూసుకుంటూనే ఆయన్ని చావు దాకా తీసుకెళ్ళాం.

మాది బందరు దగ్గర నేత ఊరు. వీధిలో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా మగ్గం చప్పుడే. మా ఇంట్లో ముందు గదంతా గుంట మగ్గమే ఆక్రమించుకునేది. నాన్న పొద్దున్నే గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అన్నానికీ టీకీ తప్ప లేచేవాడు కాదు. ఆ మూల రాట్నం దగ్గర కూర్చుని నేను కండెలు చుట్టేదాన్ని. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే చిన్న నూలు గొట్టం. అది అయిపోగానే నాన్న అటు చూడకుండానే చెయ్యి చాస్తాడు, నేను ఇంకోటి అందించాలి. ఇంటర్ పరీక్షలు రాసి టీచర్ ట్రైనింగ్ సీటు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. వారపత్రిక ఒళ్ళో పెట్టుకుని, రాట్నం తిప్పుతూ సీరియల్ చదివేదాన్ని. అమ్మ కంటపడితే నా వీపు పేలిపోయేది. పెరట్లో మా నాయనమ్మ పడుగుకి, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలుకి, గంజి పెట్టేది. ఆ పులిసిన గంజి వాసన మా బట్టల్లో, జుట్టులో, చివరికి చద్దన్నంలో కూడా ఉండేది. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. నాయనమ్మకి రెండు కళ్ళల్లోనూ పొర. అయినా పడుగు ఆరిందో లేదో ఆవిడే చెప్పాలి. అరచెయ్యి నూలు మీద అలా జార్చి "ఈ కొసన ఇంకా తడుందే" అనేది. ఆవిడ చెయ్యి తప్పు చెప్పడం నేనెరగను.

మా బాబాయి మల్లేశు, అంటే నాన్నకి తమ్ముడు, ఈ గుంటలో కాళ్ళు పెట్టనంటే పెట్టనని పదహారో ఏటే పోట్లాడి బెజవాడ వెళ్ళిపోయాడు. ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నాడు. నెలకి రెండు ఆదివారాలు రాజ్యం పిన్నిని తీసుకుని వచ్చేవాడు. ఆయన వస్తే ఇంట్లో గంజి వాసన పోయి వార్నిషు వాసన వచ్చేది. "అన్నయ్యా, నువ్వు ఏడాదంతా నేసిన బట్ట నా లారీలో ఒక మూలకి కూడా రాదు" అని ఏడిపించేవాడు. నాన్న నాడె విసురుతూనే "నీ లారీ కట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్తారేంట్రా?" అనేవాడు. ఇద్దరికీ పద్నాలుగేళ్ళ తేడా. తాతయ్య తొందరగా పోతే, నాన్నే తమ్ముణ్ణి భుజాన వేసుకుని పెంచాడు. పెంచిన చేతులకి, ఎదుటివాడు పెద్దవాడయ్యాడని ఎప్పటికీ తెలియదనుకుంటాను.

ఒకరోజు లారీ పైన చెక్క బిగిస్తూ బాబాయి కాలు జారి, కింద పడున్న ఇనప చట్రం మీద వెల్లకిలా పడ్డాడు. బెజవాడలో నెలన్నర ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపే రోజు డాక్టరుగారు నాన్నని వరండాలోకి పిలిచి అంతా వివరంగా చెప్పారు. కాళ్ళు తిరిగి రావు. నడుము కింద కాలినా, కోసుకుపోయినా ఈయనకి తెలియదు. మనం నిద్రలో కూడా మనకి తెలియకుండా అటూ ఇటూ ఒత్తిగిలుతాం, ఈయన ఒత్తిగిలడు. ఒకే పక్కన ఉండిపోతే ఎముకకీ మంచానికీ మధ్య కండ నలిగి చచ్చిపోతుంది. అందుకని రెండు గంటలకోసారి పక్క మార్చండి. ఈడ్చకండి, ఎత్తి మార్చండి. రోజూ ఒళ్ళంతా చూడండి. పుండు పడిందంటే ప్రాణం మీదకొస్తుంది. నాన్న తమ్ముణ్ణి మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆ మాటల్ని కూడా ఒక్కటీ పొల్లుపోకుండా మోసుకొచ్చి, వంటింట్లో మా నలుగురికీ గొంతు తగ్గించి చెప్పాడు. చెప్పి, మా అందరి చేతా తన నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. "వాడికి మాత్రం తెలియకూడదు. తెలిస్తే బెంగతోనే పోతాడు. నరం సర్దుకోవాలి, ఆరు నెలలు పడుతుందని చెప్పండి" అన్నాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది. నేనూ ఊపాను.

రెండు గంటలు ఎలా కొలవాలి? మా ఇంట్లో గడియారం చూసి పనిచేసే అలవాటు ఎవరికీ లేదు. ఉపాయం నాన్నే చెప్పాడు. ఆయన చేతి ఊపుకి పన్నెండు కండెలు అయ్యేసరికి ఇంచుమించు రెండు గంటలు పడుతుంది. కాబట్టి నేను పన్నెండు కండెలు చుట్టి వెదురుబుట్టలో పెట్టుకోవాలి, బుట్ట ఖాళీ కాగానే "బుట్ట అయింది!" అని అరవాలి. ఆ కేక వినపడితే చాలు, నాన్న గుంటలోంచి లేచేవాడు, అమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేది, పిన్ని పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేది. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని ఒక్క ఊపున లేపి పక్క మార్చేవాళ్ళం. మోకాళ్ళ మధ్య దిండు, మడమల కింద మడత పెట్టిన పాత చీర. పగలు మగ్గం చూసుకునేది, రాత్రి పిన్ని అలారం పెట్టుకుని లేచి మమ్మల్ని లేపేది. బాబాయికి ఈ తిప్పుడంటే మహా చిరాకు. "మాటిమాటికీ ఈ దొర్లింపుడేంటి వదినా, అట్టు తిరగేసినట్టు! కాసేపు కునుకు తియ్యనివ్వండి" అనేవాడు. అమ్మ నవ్వి "నరం సర్దుకోవద్దూ?" అనేది. అబద్ధం ఎంత తేలిగ్గా నోటికి అలవాటవుతుందో నేను ఆ రోజుల్లోనే చూశాను.

ఇక ఒళ్ళు చూడటం ఒక పెద్ద తంటా అయింది. చూడాల్సింది నడుం కింద, వెనక వైపు. బాబాయి పిన్నిని కూడా చూడనిచ్చేవాడు కాదు, మొహం గోడకి తిప్పుకుని పళ్ళు బిగబట్టేవాడు. చివరికి నాయనమ్మ "నేను కన్న ఒళ్ళేగా, నా దగ్గరేం సిగ్గురా" అని అందర్నీ బయటికి తోలి తలుపు వేసింది. కళ్ళు కనపడని మనిషి ఏం చూస్తుందని అమ్మ గొణిగింది. నాయనమ్మ అరచేత్తో చూసేది. పడుగు మీద జార్చినట్టే కొడుకు ఒంటి మీద చెయ్యి జార్చి, "కుడి తుంటి మీద సెగగా ఉంది, ఈ పూట అటు పడుకోబెట్టకండి" అనేది. ఎరుపు మా కళ్ళకి కనపడక ముందే వేడి ఆవిడ చేతికి అందేది. ఇరవై మూడు రోజులు బాబాయి ఒంటి మీద గోరంత మచ్చ లేదు.

ఇరవై నాలుగో రోజు అమావాస్య, ఆయన ఇంటికొచ్చాక మొదటి అమావాస్య. మా వాళ్ళు ఆ రోజు మగ్గం ముట్టుకోరు. తలంటి పోసుకుని, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడితే ఇక ఆ రోజంతా చేతులకి సెలవు. ఊరికి ఊరే చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. ముందురోజే హనుమాన్ జంక్షన్లో మా అత్తయ్య కూతురు ప్రసవించిందని కబురొస్తే నాయనమ్మ అక్కడికి వెళ్ళింది. పొద్దున్నే ఆటోనగర్ నుంచి బాబాయి స్నేహితులు ముగ్గురు దిగారు. వాళ్ళు వస్తారని ముందే తెలిసి ఆయన గడ్డం చేయించుకున్నాడు, మంచి చొక్కా వేయించుకున్నాడు. "పడుకుని మాట్లాడను, నన్ను కూర్చోబెట్టండి" అన్నాడు. చేతుల కుర్చీ వేశాం. అమ్మ మగ్గం దగ్గర మిగిలిపోయిన నూలు చిక్కులన్నీ పోగుచేసి, బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులాగా లావుపాటి చుట్ట చుట్టి కుర్చీలో వేసింది. మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి ఎముక దేనికీ తగలదని ఆవిడ ఆలోచన. ఎంత తెలివే అని అందరం మెచ్చుకున్నాం.

ఆ రోజు మా ఇంట్లో ఎన్ని నవ్వులో! పడ్డ తర్వాత బాబాయి పగలబడి నవ్వడం అదే మొదలు. షెడ్డు కబుర్లు, ఓనరు నడక అనుకరించడం, గారెలు, మళ్ళీ గారెలు. భోజనాలయ్యాక పేకముక్కలు తీశారు. నాన్న గుమ్మంలో చతికిలబడి తమ్ముడి మొహమే చూస్తున్నాడు. పిన్ని ఇన్నాళ్ళ నిద్ర బాకీ తీర్చుకుంటూ వంటింట్లో చాప మీద ఒళ్ళు తెలియకుండా పడుకుంది. నేను పాత వారపత్రికల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. నాయిక ఉత్తరం చింపేసిందా లేదా అన్నదే నా లోకం. మగ్గం ఆడలేదు, కండె చుట్టలేదు, బుట్ట నిండలేదు. అరవాలని నాకు తట్టనే లేదు. ఎవరికీ తట్టలేదు. పొద్దున తొమ్మిదింటికి కూర్చోబెట్టిన మనిషిని దీపాలు పెట్టే వేళకి దింపాం. మంచం మీదకి మారుస్తుంటే "ఇవాళ ఒక్కసారి కూడా నన్ను దొర్లించలేదు వదినా, ప్రాణం హాయిగా ఉంది" అన్నాడు. 

నాయనమ్మ లేదని, ఆ రాత్రి ఆయన నిద్రపోయాక పిన్నే చూసింది. ఎడమ పక్క, కూర్చుంటే కింద ఆనే ఎముక మీద, రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే ఎరుపు పోలేదు. కూర్చున్న వేడి అనుకుని పసుపూ కొబ్బరినూనే రాశాం. మర్నాడు అది ఊదారంగుకి తిరిగింది. మూడో రోజు బొబ్బ లేచింది. నాలుగో రోజు నాయనమ్మ ఊరి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా కొడుకు దగ్గరికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక గోడకి ఆనుకుని కూలబడింది. "పైన చిన్నదే. లోపలంతా మెత్తగా అయిపోయిందే" అంది. ఎలా జరిగిందని అడిగింది. నేను అమ్మ వెనక్కి జరిగాను.  అరవాల్సింది నేను.

వారం తిరక్కుండా చలిజ్వరం పట్టుకుంది. వ్యానులో బెజవాడ తీసుకెళ్ళాం. చచ్చిన కండంతా కోసి తీసేశారు. ఆ గుంటలో నా పిడికిలి పట్టేది. డాక్టరుగారు అంతా అడిగి తెలుసుకుని, చుట్టకుదురు సంగతి వినగానే నెత్తి కొట్టుకున్నారు. "అమ్మా, అది బిందెకి పనికొస్తుంది. మనిషి కింద పెడితే చుట్టూ నొక్కేసి మధ్యలోకి రక్తం రానివ్వదు" అన్నారు.  ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అమ్మ బిందె చంకనే మోసింది, నెత్తిన చుట్టకుదురు పెట్టుకోలేదు. వార్డులో జ్వరం తగ్గుతూ మళ్ళీ వస్తూ ఉంది. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. అది కూడా నాన్నకి వరండాలోనే చెప్పారు.

ఒక సాయంత్రం పిన్ని మందులకి వెళ్తే బాబాయి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన కుడి పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు.

"ఏంటమ్మాయ్, నా వెనక ఏముంది? కట్టు విప్పినప్పుడల్లా మీరంతా ముక్కు మూసుకుంటున్నారు. నాకేమో చీమ కుట్టినట్టు కూడా లేదు."

అప్పటిదాకా అదిమి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "పుండు బాబాయ్. పెద్ద పుండు. నా వల్లే పడింది. అమావాస్య నాడు నేను బుట్ట అయిందని అరవలేదు" అని బావురుమన్నాను.

"బుట్టేంటి?" అన్నాడు.

నా ఏడుపు ఆగిపోయింది. ఇరవై మూడు రోజులు ఆయన ఆ కేక విన్నాడు. నూలు గురించి అనుకున్నాడు. మేమంతా ఎందుకు పరుగెత్తుకొస్తున్నామో, ఎందుకు లేపుతున్నామో, వాళ్ళమ్మ ఎందుకు ఒళ్ళంతా తడుముతోందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒట్టూ లేదు, గిట్టూ లేదు, కండెల లెక్క దగ్గర నుంచి పుండు దాకా నాకు తెలిసిందంతా చెప్పేశాను. కాళ్ళ మాట ఒక్కటే చెప్పడానికి నోరు రాలేదు. ఆయన విని, ఎడమ చెయ్యి పైకెత్తి నాకు చూపించాడు. వాచీ ఉంది చేతికి.

"ఆ రోజు పేకాడుతూ ఎన్నిసార్లు టైము చూసుకున్నానో తెలుసా? వాళ్ళకి ఆఖరి బస్సు పోతుందేమోనని. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నాకు చెప్పి ఉంటే నేనే అడిగేవాణ్ణి కదే."

నేను తలెత్తేసరికి నాన్న కాఫీ ఫ్లాస్కుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

నాన్న అప్పుడేం చేశాడో చెప్పే ముందు, తర్వాతి సంగతి చెప్పేస్తాను, లేకపోతే మీకు ప్రాణం కొట్టుకుంటుంది. ఆ పుండు పూడటానికి పదకొండు నెలలు పట్టింది. అన్ని నెలలూ బాబాయి బోర్లా పడుకునే తిన్నాడు, బోర్లా పడుకునే పేపరు చదివాడు. రెండుసార్లు చచ్చి బతికాడు. కానీ బతికాడు. ఆ తర్వాత పదహారేళ్ళు ఉన్నాడు. నేను ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్తో పుట్టింటికి వచ్చినా వీధి మొదట్లోనే ఆయన కేక వినపడేది, "టైమయింది, రండెహె!" అని. చేతి అద్దంతో తన వెనక తనే చూసుకునేవాడు. ఎక్కడన్నా రంగు మారితే ఆ రోజు ఎవరు బతిమాలినా అటు పక్క ఆనేవాడు కాదు. ఇంకో పెద్ద పుండు ఆయనకి పడలేదు. ఇప్పుడు గాలి పరుపులు వచ్చాయి, కుర్చీల్లోకి రకరకాల దిండ్లు వచ్చాయి. కొండపల్లిలో చూశాను, ఆ పరుపు తనంతట తనే ఊపిరి పీల్చి వదులుతోంది. మాకవేవీ లేవు కదా, ఏం చేస్తాంలే అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒట్టి మాట. ఒక దుప్పటి, నాలుగు జతల చేతులు, ఒక ముసలమ్మ అరచెయ్యి ఇరవై మూడు రోజులు ఆయన్ని చక్కగా కాపాడాయి. ఆయన్ని కూడా మాలో కలుపుకుని ఉంటే ఇరవై నాలుగో రోజు కూడా గడిచిపోయేది. ఈనాటికీ మన ఇళ్ళల్లో జబ్బు సంగతి పాలవాడికి చెబుతారు, పక్కింటికి చెబుతారు, జబ్బు మనిషికి తప్ప. నాకు తెలిసిన ఇళ్ళల్లోనే ఎన్ని చూశానో. చూసినప్పుడల్లా పోట్లాడతాను. చుట్టాలు నన్ను గయ్యాళి అంటారు. అననీ.

నాన్న ఫ్లాస్కు కింద పెట్టాడు. ఒట్టు తీసి గట్టున పెట్టినందుకు నన్ను తిడతాడనుకున్నాను. నా వైపు చూడనే లేదు. స్టూలు లాక్కుని తమ్ముడి మొహం ఎదురుగా కూర్చున్నాడు. డాక్టరుగారు వరండాలో చెప్పిన మాటలు, ఏ వరసలో విన్నాడో ఆ వరసలోనే చెప్పడం మొదలుపెట్టాడు. కాళ్ళు రావన్నాడు. ఆరు నెలలన్నది తను కల్పించిన మాటన్నాడు. రెండు గంటల సంగతి చెప్పాడు, కండ ఎలా చచ్చిపోతుందో చెప్పాడు, ఈ పుండుతో ప్రాణం పోయినా పోవచ్చని మొన్న చెప్పింది కూడా చెప్పాడు.  బాబాయి కళ్ళలోంచి నీళ్ళు ముక్కు మీదుగా అడ్డంగా కారి దిండులోకి ఇంకిపోతున్నాయి. నేను తుడవబోతే తల పక్కకి తీసుకున్నాడు. నాన్న మీద నుంచి చూపు మాత్రం తిప్పలేదు.

"భుజాన వేసుకుని పెంచినవాణ్ణిరా. ఎలా చెప్పమంటావు?" అన్నాడు నాన్న.

బాబాయి దిండు మీద నుంచి తల కాస్త ఎత్తాడు. 

"ఇంకేమన్నా దాచావా అన్నయ్యా?"

"లేదురా. నీ మీదొట్టు, ఇంకేం లేదు."

బాబాయి ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. వాచీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు.

"అయితే లేవండి. రెండు గంటలు దాటి పది నిమిషాలైంది. నన్ను తిప్పండి."